బిచ్యా తొక్కిన మచ్చు బోరెం

తల్లాడ జిన్నింగు మిల్లులో బిచ్యా తొక్కిన దూది బోరెం ఒకసారి లారీ మీద నుంచి జారి రోడ్డున పడింది. వెనక వస్తున్న లారీ దాన్ని గుద్దింది. లారీ ముందరి కమ్మీ వంగింది, దీపం పగిలింది, డ్రైవరు నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. బోరానికి మాత్రం ఒక్క కుట్టు ఊడలేదు. ఇదంతా బిచ్యా చెప్పిన మాట. బోరెం పడిన సంగతి నిజం. లారీ గుద్దిన సంగతీ నిజమే. అది గుద్దింది బోరాన్నా, పక్కనే ఉన్న మైలురాయినా అన్నది ఆ మైలురాయిని అడగాలి.

జూలూరుపాడు అడవి దగ్గర పులి కథ ఇంకొకటి ఉంది. అక్కడ పత్తి గింజ తీసే చిన్న జిన్ను పక్కన ఆరుబయట వేసిన బోరాన్ని పులి వచ్చి గోకిందట, గోరు విరిగిందట, పొద్దున్నే బిచ్యా ఆ గోరు ఏరి దాచుకున్నాడట. "ఏదిరా గోరు, చూపియ్యి" అని ఎవరన్నా అంటే, "మా అత్తకిచ్చిన. ఆమె మెడల ఉంది, పోయి సూసుకో" అనేవాడు. వాళ్ల అత్త మెడలో పూసలూ నాణేలూ కలిపి నాలుగు వరసలుంటాయి. ఆ వరసల్లో పులిగోరు వెతకబోయే మగాడు మిల్లులో ఒక్కడూ లేడు. అట్లా ఆ కథ చెక్కుచెదరకుండా నిలబడిపోయింది.

నోటి మాట ఎట్లున్నా, కాళ్ల మాట మాత్రం అబద్ధం కాదు. బిచ్యా పని బోరెం తొక్కడం. మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతైన గోనె సంచిని నాలుగు గుంజల మధ్య ఇనుప కడియానికి వేలాడదీస్తారు. అందులోకి ఒకడు దిగుతాడు. పైనుంచి ఆడవాళ్లు తట్టలతో దూది కుమ్మరిస్తుంటే, వాడు గుండ్రంగా తిరుగుతూ మడమలతో అదుముతాడు. దూది నిండేకొద్దీ మనిషి పైకి లేస్తాడు. ముందు జుట్టు, తర్వాత మొహం, తర్వాత ఛాతీ. మోకాళ్లు బయటికొచ్చాయంటే బోరెం నిండినట్టు. మంచి దూది ఖమ్మంలో కట్టలు కట్టే పెద్ద ప్రెస్సుకు పోయేది. మిల్లులో మిగిలే చెత్త దూది, అంటే ఆకుపొడి, గింజ పొట్టు, దుమ్ము, దేనికీ పనికిరాని పొట్టి పోగులు, ఇదంతా బిచ్యా వాటా. పరుపులు కుట్టేవాళ్లు దాన్ని కొనుక్కుపోయేవాళ్లు.

ఆ మిల్లులో ఒక ఆచారం ఉండేది. నిండిన బోరాన్ని కింద పడుకోబెట్టాక దాని మీద నిలబడి, ఒక కాలెత్తి మడమను దభీమని వెయ్యాలి. మడమ బొటనవేలి మందం దిగితే బోరెం విప్పి మళ్లీ తొక్కాలి. దిగకపోతే లారీ ఎక్కించాలి. ఎవరు తొక్కిన బోరానికైనా ఆఖరి మడమ బిచ్యాదే. యజమాని వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొని, పత్తి వేసి, డెబ్బై నాలుగులో మిల్లు పెట్టిన మనిషి. గుమస్తా రాసిన దాన్ని ఆయన రెండుసార్లు సరిచూసేవాడు గానీ, బిచ్యా మడమను ఒక్కసారి కూడా సరిచూడలేదు. అంత నమ్మకం.

బిచ్యాది ఏన్కూరు పక్కన తండా. నాలుగో తరగతి దాకా చదివాడు. బడికి మూడు రోజులు ఎగ్గొట్టి, నాలుగో రోజు వెళ్లి, దారిలో ఎలుగుబంటి కూర్చుంది, లేవలేదు, అందుకే రాలేదన్నాడు. పంతులు నమ్మాడు. ఇంకో వారం ఎగ్గొట్టి వెళ్లి, అదే ఎలుగుబంటికి జ్వరమొచ్చింది, నీళ్లు తాగించి వచ్చానన్నాడు. పంతులు బెత్తం తీశాడు. బిచ్యా కిటికీలోంచి దూకాడు. ఆ తర్వాత బడి అతన్ని చూడలేదు, అతను బడిని చూడలేదు. వాడి చదువుకు అడ్డం పడింది నిజంగా ఎలుగుబంటే అని తండాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిల్లులో చేరేనాటికి ఇరవై రెండేళ్లు. భార్య బాలి అదే మిల్లులో తట్టలు మోసేది. బిచ్యా బోరెంలో ఉంటే పైనుంచి దూది పోసేది ఎప్పుడూ ఆమే. వేరేవాళ్లు పోస్తే ముక్కులో పడుతుందని వాడి ఫిర్యాదు. బాలి తట్ట వంచే తీరులో ఒక ఒడుపుండేది. వాడు తిరుగుతున్న వైపు కాకుండా, వదిలేసిన వైపు పోసేది. పన్నెండేళ్లు వాళ్ల సంసారం అట్లా ఒకరు లోపలా ఒకరు పైనా సాగింది.

ఎనభై ఆరులో దగ్గు పట్టుకుంది. మొదట పొద్దున పూట, తర్వాత బోరెంలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ. బాలి లాక్కుపోతే ఖమ్మం పెద్ద దవాఖానాకు వెళ్లాడు. డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, వెలుతురులో పట్టుకుని చూసి, "ఏం పని చేస్తవ్?" అని అడిగాడు. చెప్పాడు. "ఇంక ఆ సంచిలోకి దిగకు. దుమ్మంతా ఛాతీలో పేరుకుంది. ఇప్పుడాగితే బతుకుతవ్, లేకపోతే నా చేతుల్లో లేదు" అన్నాడు డాక్టరు.

ఆ మాట బరువు బిచ్యా మోయలేకపోయాడు. మర్నాడు మిల్లులో అన్నం డబ్బాలు విప్పేవేళ, దాన్ని కథ చేసేశాడు.

"డాక్టరు నా ఛాతి ఫొటో సూసి భయపడ్డడు. లోపల ఒక పరుపుకు సరిపోను దూది ఉందంట. కోసి తీస్తా, సగం నాకు సగం నీకు అన్నడు. నేనియ్యనన్న."

హమాలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. హమాలీల పెద్ద పిచ్చయ్యకు పొలమారింది. "రెండు దిండ్లకు కూడా వస్తదేమో అడగకపోయినవ్!" అన్నాడు. బాలి మాత్రం తన డబ్బా మూత పెట్టేసి లేచిపోయింది.

అప్పుడే వెంకటప్పయ్యకు మిషను అవసరం వచ్చిపడింది. ముందటి ఎండాకాలం మిల్లు వెనక చెత్త దూది కుప్ప అంటుకుంది. లారీ పొగగొట్టంలోంచి నిప్పురవ్వ పడిందన్నారు. మిల్లు దాకా రాలేదు గానీ, ఇన్సూరెన్సు సారు వచ్చి ఆ నల్లటి నేల చూసి తల అడ్డంగా ఊపాడు. చెత్త దూది విడిగా ఎక్కడా ఉండకూడదు, ఏరోజుది ఆరోజు మిషనుతో అదిమి కట్టలు కట్టాలి, లేకపోతే వచ్చే ఏడు పాలసీ లేదన్నాడు. చెత్త వచ్చేది ఒక్కచోటైతే ఫరవాలేదు. తల్లాడలో పెద్ద మిల్లు, ఏన్కూరులో ఒక చిన్న జిన్ను, అడవి అంచున జూలూరుపాడులో ఇంకో చిన్న జిన్ను. ఏన్కూరు చెత్తను ట్రాక్టరులో విడిగా తల్లాడకు తెస్తే సగం దారిలోనే గాలికి పోయేది. రోడ్డు పక్క తుమ్మచెట్లన్నీ తెల్లగడ్డాలు పెంచుకున్నట్టుండేవి. అందుకని చెత్త మిషను దగ్గరికి రావడం కాదు, మిషనే చెత్త దగ్గరికి పోవాలి. చక్రాల మిషను కావాలి.

వెంకటప్పయ్య బిచ్యాను పిలిచాడు. గుమస్తా బసవపున్నయ్య పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ బిచ్యా, చెత్త అదిమే మిషను కొంటున్నా. అది తెచ్చాక నువ్వే ఆపరేటరువి. నెల జీతం. బోరెంలో దిగే పనే ఉండదు. ఏమంటావ్?"

  బిచ్యా ఒంటి మీది దూది దులుపుకుని, "చొక్కా ఏసుకోవచ్చా సేటూ?" అని అడిగాడు. బోరెంలో చొక్కా వేసుకుంటే లోపల దూది చేరి ఒళ్లంతా దురద. పన్నెండేళ్లుగా మిల్లులో వాడు ఒంటి మీద చొక్కా ఎరగడు.

"ఇస్త్రీ చొక్కా వేసుకోరా" అన్నాడు వెంకటప్పయ్య.

ఆ రోజు నుంచి మిషను ఎంపిక మిల్లులో అందరి పనీ అయింది. బసవపున్నయ్య ఉత్తరాలు రాశాడు. రెండు మిషన్ల కాగితాలు వచ్చాయి. ఒకటి గుంటూరుది. ఇనుప పెట్టె, పైన పెద్ద మర, ఇద్దరు మనుషులు చక్రం తిప్పితే మర దిగి దూదిని అదుముతుంది. డీజిలు అక్కర్లేదు, చెడిపోతే ఏ కమ్మరైనా బాగు చేస్తాడు. రెండోది హైదరాబాదుది. డీజిలు ఇంజను, నూనె గొట్టాలు, పక్కన ఒక పిడి. పిడి కిందికి నొక్కితే పలక దిగుతుంది, పైకెత్తితే లేస్తుంది. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించుకుపోవచ్చు. బరువెక్కువ. వానాకాలం జూలూరుపాడు దారిలో వాగు దాటుతుందా అని వెంకటప్పయ్యకు అనుమానం, నూనె గొట్టం పగిలితే హైదరాబాదు నుంచి మనిషి వచ్చేదాకా ఏం చెయ్యాలని బసవపున్నయ్యకు అనుమానం.

బిచ్యాకు ఏ అనుమానమూ లేదు. కాగితం మీది బొమ్మల్లో వాడు చూసింది ఒకటే, ఆపరేటరు ఎక్కడ నిలబడతాడు. గుంటూరు మిషనులో చక్రం తిప్పేవాళ్లు పెట్టె మీదికి వంగి ఉన్నారు. హైదరాబాదు మిషనులో మనిషి పక్కన, రెండు బారల దూరంలో, పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రెండు బారల గాలి వాడికి కావాలి.

"హైదరాబాదుదే మంచిగుంది సేటూ. దాని చక్రాలు సూడుండ్రి, ఎంత ఎత్తున్నయ్యో! వాగుల దిగితే నీళ్లే పక్కకు జరుగుతయ్" అన్నాడు.

"నువ్వెప్పుడు చూశావురా దాన్ని?" అన్నాడు బసవపున్నయ్య.

"బొమ్మల కనబడతనే ఉంది గద సారూ!"

వెంకటప్పయ్య బొమ్మలు నమ్మే మనిషి కాదు. రెండు కంపెనీల వాళ్లనూ మిషన్లతో సహా తల్లాడ రమ్మన్నాడు. పరీక్ష ఎట్లా అన్నదానికి ఆయనకు వేరే ఆలోచన రాలేదు. పన్నెండేళ్లుగా ఆ మిల్లులో ఉన్న కొలత ఒకటే.

"బిచ్యా ముందు ఒక మచ్చు బోరెం తొక్కుతాడు. మిషన్ల వాళ్లు దానికి ఎదురుగా కట్టలు వెయ్యాలి. బిచ్యా బోరాన్ని ఏ మిషను మించితే ఆ మిషను కొంటా. ఏదీ మించకపోతే ఏదీ కొనను" అన్నాడు.

పరీక్ష రోజు తెల్లారి తండా నుంచి మిల్లుకు నడుస్తూ బాలి తమ భాషలో చెప్పిన మాటలు తెలుగులో ఇట్లా ఉంటాయి.

"ఇయ్యాల కాళ్లు ఊరికే ఆడియ్యి. గట్టిగ తొక్కకు."

"మెత్తగ తొక్కితే నవ్వరా?"

"నవ్వనియ్యి. నవ్వినోళ్లు నీ దగ్గు దగ్గుతరా? మిషను నీకన్న గట్టిదని సేటు అనుకోవాలె, గంతే. ఒక్కరోజు ఓడిపో. బతుకంత బయట నిలబడతవ్."

"అవ్" అన్నాడు బిచ్యా. నిజంగానే ఒప్పుకున్నాడు. పెట్టెలోంచి పెళ్లినాటి చొక్కా తీసి చంకలో పెట్టుకుని మరీ బయల్దేరాడు, పరీక్ష అయ్యాక వేసుకోవాలని.

మిల్లు ఆవరణలో జనం తిరనాళ్లలా ఉన్నారు. పత్తి బండ్లతో వచ్చిన రైతులు కూడా ఎడ్లను విప్పేసి నిలబడ్డారు. గుంటూరాయన ఒక మూల, హైదరాబాదాయన ఒక మూల మిషన్లు నిలబెట్టారు. హైదరాబాదాయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. ఆ అద్దాల్లో బిచ్యాకు తన బొమ్మే రెండు ముక్కలుగా కనబడింది.

బిచ్యా చొక్కాను గుంజకు తగిలించి, మొలకు గుడ్డ బిగించి బోరెంలోకి దిగాడు. బాలి తట్ట వంచింది. మొదట అనుకున్నట్టే జరిగింది. వాడు తిరుగుతున్నాడు గానీ మడమ వెయ్యట్లేదు, పాదం ఆనిస్తున్నాడు. దూది బుస్సుమని కింద గాలి మింగుతోంది. ఆ చప్పుడు పిచ్చయ్యకు తెలుసు, బసవపున్నయ్యకు తెలుసు. వెంకటప్పయ్య మాత్రం కుర్చీలో కూర్చుని హైదరాబాదాయనతో మాట్లాడుతున్నాడు.

బిచ్యా మొహం బోరెం అంచు దాటేసరికి హైదరాబాదాయన కళ్లద్దాలు పైకెత్తి చూశాడు.

"ఇదా మీ కొలత? సంచిలో మనిషి డాన్సు చెయ్యడమా? ఏం బాబూ, కాళ్లకు సర్వీసింగ్ ఎప్పుడు చేయించినవ్?"

రైతులు నవ్వారు. బిచ్యా కూడా నవ్వాడు. ఇంకో చుట్టు తిరిగాడు. పాదం ఆనించాడు.

"మా మిషను నీలాంటోళ్లు ఎనిమిది మంది పెట్టు" అన్నాడు హైదరాబాదాయన.

అదీ మింగాడు. బాలి తట్ట వంచుతూ వాడి కళ్లలోకే చూస్తోంది. ఇంకొంచెం ఓర్చుకుంటే అయిపోయేది. కానీ మిల్లులో వాడికి అందరికంటే దగ్గరివాడు పిచ్చయ్య. కలిసి బీడీ కాల్చినవాడు, పులి కథ పదిసార్లు అడిగి చెప్పించుకున్నవాడు. పిచ్చయ్య ముందుకొచ్చి నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏం బిచ్యా, పులి గోరు ఇరిగిన బోరెం గిట్లనేనా తొక్కింది? పట్నపాయన ముంగట కాళ్లు వణుకుతన్నయా? ఇన్నొద్దులు మాకు జెప్పినయన్ని ఉత్తయేనా?"

బిచ్యా తిరగడం ఆపాడు.

అన్ని అబద్ధాల మధ్య వాడికున్న నిజం ఒకటే. లారీ, పులి, ఎలుగుబంటి, ఇవన్నీ పోయినా వాడికి బాధ లేదు. ఆ కాళ్లు కూడా అబద్ధమేనని జనం అనుకుంటుంటే మాత్రం మెత్తగా నిలబడడం వాడి తరం కాలేదు.

కాలెత్తాడు. మడమ వేశాడు. గుంజలు కిర్రుమన్నాయి. బోరెం కుట్టు వెంట మడమ మడమగా ఒక చుట్టు, లోపలి వైపు ఇంకో చుట్టు, మధ్యలో రెండు కాళ్లతో ఎగిరి ఒక్క దెబ్బ. ఛాతీ దాకా వచ్చినవాడు మళ్లీ మెడ దాకా లోపలికి దిగిపోయాడు. అంత గాలి ఉంది కింద. బాలి ఖాళీ తట్ట పట్టుకుని కదలకుండా నిలబడింది.

"పొయ్యవేందే!" అని అరిచాడు.

ఆమె పొయ్యలేదు.

"పొయ్యి! జల్దీ పొయ్యి!"

పక్కనున్న ఆడమనిషి ఒక తట్ట కుమ్మరించింది. బిచ్యా మొహం మీద పడింది. దులుపుకోలేదు. దగ్గు వస్తే పళ్లు బిగించి మింగాడు, మింగినప్పుడల్లా మడమ ఇంకా గట్టిగా పడింది. మామూలుగా ఒక బోరెంలో పట్టే దూదికి మించి ఇంకో సగం పట్టింది. మోకాళ్లు బయటికొచ్చేసరికి వాడి ఒళ్లు మనిషి ఒళ్లులా లేదు. దుమ్మూ చెమటా కలిసి పూత పూసినట్టుంది. హమాలీలు ఈలలు వేశారు. పిచ్చయ్య తలపాగా తీసి గాల్లోకి విసిరాడు.

తర్వాత మిషన్ల వంతు. గుంటూరు మిషను కట్ట పెట్టెలోంచి బయటికి తియ్యగానే ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి తాడు తెంపేసింది. హైదరాబాదుది ముచ్చటగా వచ్చింది, నాలుగు మూలలూ చెక్కినట్టు, చూడ్డానికి అట్టపెట్టెలా. ముందు బిచ్యా బోరాన్ని పడుకోబెట్టారు. బిచ్యా ఎక్కి మడమ వేశాడు. రోట్లో రోకలి పడ్డట్టు మోగింది. తర్వాత హైదరాబాదు కట్ట ఎక్కాడు.

అక్కడ నిలబడ్డాక వాడికి బాలి కనబడింది. ఆమె తట్ట నెత్తిన బోర్లించుకుని గుంజకు ఆనుకుని ఉంది. ఇంకా ఒక అవకాశం ఉందని అప్పుడు తట్టింది. ఆఖరి మాట మడమదే కదా, మడమ తనదే కదా. మడమ వేశాడు. అది బొటనవేలి మందం దిగింది.

"ఎట్టా ఉందిరా?" అన్నాడు వెంకటప్పయ్య.

"గట్టిగ ఉంది సేటూ. నా దానికంటె గట్టిగ ఉంది. ఒట్టు."

 ఆవరణంతా ఒక్కసారిగా నవ్వింది. మడమ దిగడం అందరూ చూశారు.

"పట్నపాయనకు మర్యాద చేస్తండు సేటూ!" అన్నాడు పిచ్చయ్య.

వెంకటప్పయ్య లేచి వచ్చి, తన తోలు చెప్పు కాలితో ఆ కట్టను నొక్కి చూశాడు. దిగింది. బిచ్యా బోరాన్ని నొక్కి చూశాడు. దిగలేదు. పన్నెండేళ్లలో బిచ్యా మడమను ఆయన సరిచూడడం అదే మొదలు.

"నీలాంటోడుండగా నాకు మిషనెందుకురా!" అని వీపు మీద చరిచాడు. దుమ్ము లేచింది.

బిచ్యా కట్ట దిగి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "సేటూ, నాతోని కాదు. నాకు దమ్ము రోగం. ఛాతిల దూది పేరుకుందని దవాఖానాల జెప్పిండ్రు. ఇంక దిగితే బతకనన్నరు. నిజంగ జెప్తన్న."

"పరుపుకు సరిపోను ఉందంట సేటూ! రెండు దిండ్లకు కూడ!" అని పిచ్చయ్య అందించాడు. మళ్లీ నవ్వులు. వెంకటప్పయ్య కూడా నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ కళ్ల ముందు అంత బోరెం తొక్కినవాడికి ఊపిరి చాలదంటే ఎవడు నమ్ముతాడు? సాక్ష్యం చెప్పాల్సిన దగ్గు ఆ క్షణాన రాలేదు. అంతసేపు మింగిన దగ్గంతా ఇంటికి పోయేదాకా లోపలే ఉండిపోయింది.

బాలి వచ్చి, "అవ్ సేటూ, డాక్టరు నా ముంగటనే జెప్పిండు" అంది.

"మొగుడు చెప్పే కథలు నువ్వు కూడా నేర్చావా?" అన్నాడు బసవపున్నయ్య, నవ్వుతూనే.

మిషన్ల వాళ్లు మిషన్లు తోలుకుపోయారు. పోతూ పోతూ గుంటూరాయన బిచ్యా చేతిలో బీడీ కట్ట ఒకటి పెట్టి దండం పెట్టాడు. హైదరాబాదాయన అద్దాలు పెట్టుకుని పోయాడు. చొక్కా మాత్రం గుంజకే వేలాడుతూ ఉండిపోయింది. బాలి తెచ్చుకుంది.

వారం తిరక్కుండా వెంకటప్పయ్య తల్లాడ కమ్మరితో ఒక ఇనుప పెట్టె చేయించాడు. నాలుగు పక్కలా రేకు, కింద పాత ట్రాలీ చక్రాలు, ముందర ట్రాక్టరుకు తగిలించే కొక్కెం. హైదరాబాదు మిషనులో ఆయనకు నచ్చింది చక్రాలు, గుంటూరు మిషనులో నచ్చింది డీజిలు అక్కర్లేకపోవడం. రెండూ కలిపాడు. అదిమే భాగం బిచ్యా. సోమవారం తల్లాడ, మంగళవారం ఏన్కూరు, బుధవారం జూలూరుపాడు. ట్రాక్టరు ఆ పెట్టెను లాక్కుపోతుంటే బిచ్యా అందులోనే నిలబడి పోయేవాడు. రోడ్డు మీద తెలిసినవాళ్లు చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు.

ఇన్సూరెన్సు సారు చూడ్డానికి వచ్చిన రోజు పెట్టెకు కొత్తగా పచ్చరంగు వేశారు. బిచ్యాను షెడ్డు వెనక కూర్చోమన్నారు. యంత్రాన్ని చూపేటప్పుడు లోపలి సామాను బయటికి కనబడకూడదు కదా.

"ఇది ఎట్లా పనిచేస్తుంది?" అని సారు అడిగాడు.

"పైనుంచి ఒత్తిడి అండీ" అన్నాడు బసవపున్నయ్య.

సారు కట్టను తట్టి చూశాడు. రాయిలా ఉంది. చక్రాలది, చెత్త అదిమే యంత్రం, ఒకటి అని రాసుకుని టీ తాగి పోయాడు. మాట తప్పని మనిషి వెంకటప్పయ్య. బిచ్యాను ఆ రోజు నుంచి మిల్లులో ఆపరేటర్ అనే పిలిపించాడు. నెల జీతం మాట మాత్రం మిషను కొన్నప్పుడు చూద్దామన్నాడు.

గోనె సంచికి చిల్లులుంటాయి, గాలి ఆడుతుంది. రేకు పెట్టెకు ఉండదు. ఎండాకాలం ఆ పెట్టెలో దిగితే దుమ్ము బయటికి పోయే దారి లేక మనిషినే వెతుక్కునేది. బిచ్యా మూడు సీజన్లు తొక్కాడు. మొదటి సీజన్లో కథలు తగ్గాయి. ఒక కథకు కావలసినంత ఊపిరి ఒక్క బిగిన దొరికేది కాదు. రెండో సీజన్లో పిచ్చయ్య ఒకసారి, "పులి కథ జెప్పు బిచ్యా, ఇనక శానొద్దులైంది" అన్నాడు. బిచ్యా మొదలుపెట్టాడు. పులి అడవిలోంచి బయటికి రాకముందే దగ్గు వచ్చింది. పిచ్చయ్య నీళ్లు తెచ్చి ఇచ్చాడు. అప్పుడు నమ్మాడు వాడు. ఆ తర్వాత ఎప్పుడూ కథ అడగలేదు. మూడో సీజను మధ్యలో, ఏన్కూరులో, బిచ్యా ఛాతీ దాకా లేచి అక్కడే ఆగిపోయాడు. బాలి, పిచ్చయ్య చంకల కింద చేతులు వేసి బయటికి లాగారు.

తొంభైలో వెంకటప్పయ్య హైదరాబాదు మిషను కొన్నాడు. తొక్కేవాడు లేక కొన్నాడు. ఆపరేటరుగా బసవపున్నయ్య బామ్మర్ది వచ్చాడు.

మొదటి కట్ట తీసిన రోజు తండాకు ట్రాక్టరు పంపించారు. ఆ మిల్లులో బిచ్యా మడమ పడకుండా ఏ కట్టా లారీ ఎక్కదు, ఆచారం ఆచారమే. బిచ్యా పెళ్లినాటి చొక్కా వేసుకుని వచ్చాడు. అది వాడి భుజాల మీద గుంజకు వేలాడదీసినట్టే ఉంది. కట్ట నడుమెత్తు ఉంటుంది. ఎక్కలేకపోతే ఇద్దరు హమాలీలు ఎత్తి నిలబెట్టారు. బామ్మర్ది రెండు బారల దూరంలో పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

బిచ్యా కాలెత్తాడు. ఆ కాలు ఇప్పుడు పుల్లలా ఉంది, దానికి బరువే లేదు. అయినా మడమ బొటనవేలి మందం దిగింది.

"ఎట్టా ఉందిరా?" అన్నాడు వెంకటప్పయ్య, చేతిలో కాగితం మీంచి తలెత్తకుండానే.

"గట్టిగ ఉంది సేటూ."

"రాసుకో బసవపున్నయ్యా" అన్నాడాయన.

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. ఎవ్వరూ చూడనూ లేదు. హమాలీలు వాడిని దించి, కట్టను లారీ ఎక్కించారు. ట్రాక్టరు డ్రైవరు అన్నానికి పోయాడు, వచ్చేదాకా ఆగమన్నారు. బాలి వాడిని గోడ నీడన కూర్చోబెట్టి, చొక్కా చేతికి అంటిన దూది పోగులు ఒక్కొక్కటే ఏరి పారేస్తూ కూర్చుంది.